కవర్‌లో ఇన్ని కార్డులున్నాయి, అసలు మీ ఆరోగ్య బీమా ఏది?

"బాబూ, మాకు ఇన్సూరెన్స్ ఉందేటి?"

రాజాం, చీపురుపల్లి, టెక్కలి, ఎచ్చెర్ల నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు నాకు చేసే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. విచారం ఏమిటంటే, అడిగేవాళ్లు దాదాపు అందరూ అప్పటికే ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడి ఉంటారు. లోపల మనిషి స్ట్రెచర్ మీద, బయట చేతిలో నాలుగు కార్డులు. ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ తేలదు.

బొబ్బిలిలో మా బాబాయికి ఒక రాత్రి ఛాతీ నొప్పి వచ్చి విశాఖ తీసుకెళ్లినప్పుడు మా పిన్ని పెట్టె అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసుకొచ్చింది. బట్టల షాపు కవర్, మూతి దగ్గర రబ్బరు బ్యాండు. అందులో అంచులు లేచిపోయిన పాత ఆరోగ్యశ్రీ కార్డు, రైస్ కార్డు, లామినేషన్ చేయించిన ఆభా కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కొడుకు కంపెనీ కార్డు జిరాక్సు, మూడేళ్ల కిందటి ప్రీమియం రసీదు ఒకటి ఉన్నాయి. "ఇన్నున్నాయి కదా, ఏదో ఒకటి పనికొస్తాది లే" అంది. ఆ రాత్రి పనికొచ్చింది ఒక్కటే. పథకం పేరు మారిపోయింది కదా, ఇక చెల్లదని ఆవిడ పారేయబోయిన పాత ఆరోగ్యశ్రీ కార్డు.

అందుకే ఇంట్లో అందరూ బాగున్న రోజున ఒక సాయంత్రం కూర్చుని ఈ పని పూర్తి చేయండి. చదువుకున్నవాళ్లు ఒకరు, ఫోన్ ఒకటి ఉంటే చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇంట్లో ప్రతి ఒక్కరి ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ లేదా ఏడాది స్టేట్‌మెంట్, ఉద్యోగం చేసేవాళ్ల చివరి రెండు మూడు జీతం స్లిప్పులు, ఇంట్లో ఉన్న పాలసీ కాగితాలన్నీ. ఆధార్‌కు లింకైన ఫోన్ కూడా పక్కన ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి. చాలా ఇళ్లలో ఆ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది. అలా అయితే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకుని మిగతాది మొదలుపెట్టండి.

1. కవర్ బోర్లించి, ఆరోగ్య బీమా కానివి పక్కకు తీయండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఈ కింది వాటిలో ఏదీ ఆసుపత్రి బిల్లు కట్టదు.

ఆభా కార్డు. దాని మీద 14 అంకెల నంబరు, మీ ఫోటో, ప్రభుత్వ ముద్ర ఉంటాయి కాబట్టి అందరూ దీన్ని ఇన్సూరెన్స్ అనుకుంటారు. కాదు. మీ పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు కంప్యూటర్‌లో ఒకచోట ఉండడానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అది. ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు వేరు, ఆభా వేరు. పేర్లు దగ్గరగా ఉండడం వల్లే ఈ తికమక.

పాస్‌బుక్‌లో ఏటా కనిపించే 436 రూపాయల కోత. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే జీవిత బీమా. దాని పక్కనే 20 రూపాయల కోత ఉంటే అది సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం కలిగినా 2 లక్షలు. పాత పాస్‌బుక్‌లో అయితే ఇవే 330, 12 అని కనిపిస్తాయి, 2022 జూన్‌లో రేట్లు పెంచారు. ఇంటికి రెండూ అవసరమైనవే, మానేయకండి. కానీ జ్వరంతో చేరినా, గుండెకు స్టెంట్ వేసినా వీటి నుంచి రూపాయి రాదు. "బ్యాంకులో ఇన్సూరెన్స్ కట్టేస్తన్నాం" అని మా ఊళ్లో చెప్పేవాళ్లలో ఎక్కువమంది కడుతున్నది ఈ రెండే.

బైకు ఇన్సూరెన్స్‌తో పాటు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా, పొదుపు కోసం తీసుకున్న జీవిత బీమా బాండ్లు కూడా ఈ పక్కకే.

2. ప్రభుత్వ పథకంలో ఉన్నారో లేదో చూడండి

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య పథకానికి పేరు చాలాసార్లు మారింది. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైనప్పుడు తొలి విడతలో తీసుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు మీద పాత పేరు, పాత ఫోటో ఉన్నంత మాత్రాన కార్డు పోయినట్టు కాదు. కంప్యూటర్‌లో మీ కుటుంబం వివరాలు ఉన్నాయా లేదా అన్నదే లెక్క.

ఎలా చూడాలి?

క. ఆధార్ పట్టుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి. ఏఎన్ఎంను అడిగినా చెబుతారు. "మా కార్డు ఉందా?" అని మాత్రమే అడిగి వచ్చేయకండి. "ఈ కార్డులో ఎవరెవరి పేర్లున్నాయి?" అని అడిగి, ఒక్కొక్క పేరూ చదివించుకోండి.

ఖ. వెళ్లడం కుదరకపోతే 104కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఆధార్ నంబరు, కార్డు నంబరు దగ్గర పెట్టుకోండి.

గ. దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రి (పథకంలో చేరిన ఆసుపత్రి) ఉంటే అక్కడ పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లండి. జబ్బు లేకపోయినా వివరం అడగొచ్చు. బాబాయి విషయంలో మాకు దారి చూపింది ఆరోగ్యమిత్రే. కార్డు సంగతి తర్వాత అని ముందు ఆధార్ నంబరు అడిగి కంప్యూటర్‌లో చూశారు.

పేర్ల దగ్గర మన జిల్లాల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండున్నాయి. ఒకటి, పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం. పురుడు టైమ్‌లోనే ఇది బయటపడుతుంది. రెండోది, ఆధార్‌లో ఒక రకంగా, కార్డులో ఇంకో రకంగా పేరు ఉండడం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. 'సత్యవతి' ఇంకోచోట 'సత్తెమ్మ' అయిపోతుంది. రెండూ సచివాలయంలో దరఖాస్తు పెట్టి సరిచేయించుకోవాల్సినవే. రోజులు పడుతుంది, కాబట్టి ఇవాళే పెట్టండి.

కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. పెద్ద మొత్తమే, కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పథకం జాబితాలో ఉన్న చికిత్సలకే డబ్బు వస్తుంది. పైగా ఒక ఆసుపత్రి ఎముకల విభాగానికి నెట్‌వర్క్‌లో ఉండి, గుండె విభాగానికి లేకపోవచ్చు. "ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉంది" అని ఎవరో చెప్పగానే బండెక్కకండి. "ఈ జబ్బుకు, ఈ ఆసుపత్రిలో ఉందా?" అని 104లో అడిగి బయలుదేరండి. ఉద్దానం వైపు, కవిటి, కంచిలి, సోంపేట, మందస మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఉన్న కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు చేయించుకోవాలి. ఏ కేంద్రంలో పథకం కింద చేస్తారో ముందే తెలిస్తే ప్రయాణం భారమైనా తగ్గుతుంది.

కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు నుంచి ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఇంట్లో 70 దాటినవాళ్లు ఉంటే వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు అని వేరే ఉంది, దాన్ని 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. వీటి గురించి అడగాల్సిన నంబరు 14555. కార్డు తీసుకోవడంతో పాటు, మీరు వెళ్లే ఆసుపత్రిలో అది చెల్లుతుందో లేదో కూడా ఆ నంబరులోనే అడగండి.

3. జీతం స్లిప్ చదవండి

పైడిభీమవరం మందుల కంపెనీల్లో, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో, జూట్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఇది తప్పక చూడాలి. నెల జీతం 21,000 లోపు అయితే, మీ సంస్థ ఈఎస్ఐ (కార్మికుల, ఉద్యోగుల బీమా పథకం) కింద ఉంటే, జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని ఇంకో 3.25 శాతం కలుపుతాడు. అంటే 14,000 జీతానికి మీ దగ్గర కోసేది 105 రూపాయలు, యజమాని వేసేది 455. స్లిప్‌లో ఈఎస్ఐ పేరు పక్కన ఆ 105 లాంటి చిన్న అంకె కనిపిస్తే మీకు ఈఎస్ఐ ఉన్నట్టే. భార్య, పిల్లలు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా అందులోకి వస్తారు. అయితే వాళ్ల పేర్లు నమోదై ఉండాలి.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు చాలాచోట్ల స్లిప్పే ఇవ్వరు. అడగండి. కనీసం మీ 10 అంకెల ఈఎస్ఐ ఇన్సూరెన్స్ నంబరు రాయించుకోండి. అది మీకు జీవితాంతం ఒక్కటే, కంపెనీ మారినా కొత్త కాంట్రాక్టరుకు అదే ఇవ్వాలి. నంబరు చేతికొచ్చాక ఉమంగ్ యాప్‌లో గానీ, ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో గానీ మీ పేరుతో లాగిన్ అయి, నెలనెలా డబ్బు నిజంగా జమ అవుతోందా అని చూడండి. కోత కోసి జమ చేయకపోతే ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది. యాప్ రాకపోతే 1800 11 2526కి ఫోన్ చేయొచ్చు.

జీతం 21,000 దాటిన నెలలోనే ఈఎస్ఐ ఆగిపోయిందనుకోకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు గడువులుంటాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ గడువు పూర్తయ్యేదాకా కోత, రక్షణ రెండూ కొనసాగుతాయి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఎంప్లాయీస్ హెల్త్ స్కీమ్ కార్డు వేరే ఉంటుంది. కోత జీతం లేదా పెన్షన్ స్లిప్‌లోనే కనబడుతుంది. రైల్వేవాళ్లకు వైద్యం కోసం ఉమిద్ కార్డు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఎంతోమంది, రిటైరై వచ్చిన జవాన్ల కుటుంబాలకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంటుంది. అయితే సభ్యత్వం తీసుకుని కార్డు చేయించుకుంటేనే.

కొడుకో కూతురో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంటే వాళ్ల గ్రూప్ పాలసీ సంగతి ఫోన్ చేసి అడగండి. "మాకు ఇన్సూరెన్స్ ఉందా అమ్మా?" అని అడిగితే "ఉంది నాన్నా" అనేస్తారు. ప్రశ్న అది కాదు. "నీ పాలసీలో నా పేరు, మీ అమ్మ పేరు చేర్చావా?" అని అడగాలి. చాలా కంపెనీల్లో భార్య/భర్త, పిల్లలు మామూలుగానే ఉంటారు, తల్లిదండ్రుల్ని మాత్రం ఏటా ఒక గడువులోపు అదనంగా డబ్బు కట్టి చేర్చుకోవాలి. మా పిన్ని కవర్‌లోని జిరాక్సు కార్డు అలాంటిదే. కొడుకు పేరు, కోడలి పేరు ఉన్నాయి. తల్లిదండ్రుల పేర్లు లేవు. వాడికి కూడా ఆ రాత్రి వరకు తెలియదు. ఉద్యోగం మానేస్తే ఈ రక్షణ కూడా దాంతోనే ముగుస్తుంది.

4. మరచిపోయిన ప్రైవేటు పాలసీని వెతకండి

ఏజెంటు మాట మీదో, బ్యాంకు మేనేజరు చెప్పాడనో, ఫోన్ యాప్‌లోనో ఎప్పుడో తీసుకుని మరచిపోయినవి ఉంటాయి. స్టేట్‌మెంట్‌లో ఏడాది పొడవునా డెబిట్‌లు చూడండి. ఏటా ఒకే నెలలో వెళ్లే పెద్ద మొత్తం, లేదా నెలనెలా ఒకే తేదీన వెళ్లే మొత్తం కనిపిస్తే పక్కన ఉన్న కంపెనీ పేరు రాసుకోండి. ఫోన్ మెసేజ్‌లలో, ఈమెయిల్‌లో 'పాలసీ', 'రెన్యువల్' అని వెతకండి. ఆదాయపు పన్ను రిటర్ను వేసేవాళ్లు ఉంటే 80డీ (ఆరోగ్య బీమా ప్రీమియానికి ఇచ్చే పన్ను మినహాయింపు) కింద ఏ రసీదు పెట్టారో ఆడిటర్‌ను అడగండి, అందులో పాలసీ నంబరు దొరుకుతుంది.

కంపెనీ పేరు తెలిసి నంబరు తెలియకపోతే, మీ పేరు, పుట్టిన తేదీ, రిజిస్టరైన ఫోన్ నంబరుతో వాళ్లే వెతికి చెబుతారు.

జాగ్రత్త: కంపెనీ ఫోన్ నంబరును ఇంటర్‌నెట్‌లో వెతికి మొదట కనబడినదానికి చేయకండి. దొంగ నంబర్లు చాలా ఉన్నాయి. పాలసీ కాగితం మీద, రసీదు మీద అచ్చయిన నంబరుకే చేయండి. ఎవరైనా "మీ పాలసీ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి, ఇప్పుడే డబ్బు పంపండి" అంటే ఫోన్ పెట్టేయండి.

5. పాలసీ మొదటి పేజీలో ఇవి గీత గీసి చదవండి

పాలసీ పుస్తకం మొత్తం చదవమని చెప్పను. మొదటి ఒకటి రెండు పేజీల్లో ఉండే షెడ్యూల్ చాలు. 2024 జనవరి నుంచి ప్రతి పాలసీతో ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. తెలుగులో కావాలని అడగండి, ఆ వీలు ఉంది.

చూడాల్సినవి:

గడువు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? ఇవాళ్టి తేదీ ఆ మధ్యలో ఉందా? పిన్ని దగ్గరున్న రసీదు గడువు ముగిసి రెండేళ్లు దాటింది.

పేర్లు, పుట్టిన తేదీలు. ప్రతి పేరూ ఆధార్‌తో పోల్చండి.

బీమా మొత్తం, అది మనిషికా కుటుంబం మొత్తానికా అన్నది. 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ అంటే నలుగురికీ కలిపి 5 లక్షలే.

పాలసీ రకం. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. పేరులో 'టాప్-అప్' అని ఉందా చూడండి. 10 లక్షల టాప్-అప్, 5 లక్షల డిడక్టబుల్ అని రాసుంటే, మొదటి 5 లక్షలు మీరో, మీ వేరే పాలసీయో భరించాలి, ఆ పైదే అది ఇస్తుంది. తక్కువ ప్రీమియానికి పెద్ద పాలసీ దొరికిందని సంబరపడి తీసుకున్నవి ఎక్కువగా ఇవే. 'హాస్పిటల్ క్యాష్' అని ఉంటే ఆసుపత్రిలో ఉన్న రోజుకు ఇంత అని ఇస్తారు, బిల్లుతో సంబంధం లేదు. 'క్రిటికల్ ఇల్‌నెస్' అని ఉంటే జాబితాలోని పెద్ద జబ్బులకే.

వెయిటింగ్ పీరియడ్. షుగర్, బీపీ లాంటివి పాలసీకి ముందే ఉంటే కొంతకాలం వాటికి డబ్బు రాదు. ఈ కాలం గరిష్ఠంగా 4 ఏళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి 3 ఏళ్లకు తగ్గించారు. మీ పాలసీ ఎప్పటి నుంచి ఆగకుండా సాగుతోందో ఆ తేదీ చూసి లెక్కపెట్టండి. అసలు పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ ఉందని ఫారంలో రాశారా? ఏజెంటు "అక్కర్లేదు లెండి" అని వదిలేసి ఉంటే ఆ మాట మీద ఆగకుండా ఇప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

రూమ్ రెంట్, కో-పే. రూమ్‌కు రోజుకు 3,000 అని పరిమితి ఉండి మీరు 6,000 గది తీసుకుంటే, గది తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు లాంటి కొన్ని ఖర్చుల్లోనూ అదే దామాషాలో కోత పడొచ్చు. కో-పే 20 శాతం అంటే లక్ష బిల్లులో 20,000 మీరే కట్టాలి.

6. ఫోన్ చేసి సరిచూసుకోండి

కాగితం చదివి మనకు అర్థమైంది సరైనదేనా అన్నది ఈ ఫోన్‌తో తేలుతుంది. దయచేసి ఈ మెట్టు దాటేయకండి. ప్రైవేటు పాలసీ అయితే కంపెనీకి లేదా కార్డు మీద రాసున్న టీపీఏకి (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ), ప్రభుత్వానిదైతే 104కి, ఈ ప్రశ్నలే అడగండి:

"ఇవాళ్టికి ఈ పాలసీ అమల్లో ఉందా?"

"ఇందులో ఎవరెవరి పేర్లున్నాయి? చదివి చెప్పండి."

"ఈ ఏడాది ఇంకా ఎంత మొత్తం మిగిలి ఉంది?"

"మాకు దగ్గర్లో, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో క్యాష్‌లెస్ ఆసుపత్రులు ఏవి?"

పేర్లు మీరు చెప్పి "ఉన్నాయి కదా?" అని అడిగితే "ఉన్నాయండీ" అనేసే ప్రమాదం ఉంది. వాళ్ల నోటితోనే చెప్పించండి. మాట్లాడిన తేదీ రాసుకోండి. ప్రైవేటు కంపెనీ సరైన జవాబు ఇవ్వకపోతే 155255 నంబరులో ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయొచ్చు.

ఇచ్ఛాపురం వైపువాళ్లు ఒడిశాలోని బరంపురం వెళ్లడం మామూలే. సరిహద్దు దాటితే ఏ కార్డు చెల్లుతుందో ఆ ప్రశ్న కూడా ఈ ఫోన్‌లోనే అడిగేయండి.

7. ఒక్క కాగితం మీద రాసి పెట్టండి

తేలిందంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు మొదట ఏ కార్డు చూపించాలి, దాని నంబరు, ఎవరెవరి పేర్లున్నాయి, గడువు ఎప్పటిదాకా, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. రెండో కార్డు ఉంటే దాని కింద అదే వరసలో. చెల్లని కార్డుల మీద 'ఇది ఆరోగ్య బీమా కాదు' అని చిన్న చీటీ అంటించండి. ఆ కాగితం ఫోటో తీసి ఊళ్లో ఉండే పెద్దవాళ్లకూ, బయట ఉండే పిల్లలకూ వాట్సాప్‌లో పంపండి.

మా పిన్ని కాగితం బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. మొదటి వరసలో ఆరోగ్యశ్రీ కార్డు నంబరు, పక్కన 104. రెండో వరసలో కొడుకు కంపెనీ పాలసీ. ఆ తర్వాతి గడువులో వాడు అమ్మానాన్నల పేర్లు చేర్చాడు. మూడో వరస ఖాళీగా వదిలాం. వైశాఖంలో చిన్నవాడి పెళ్లి, కోడలి పేరు పుట్టింటి కార్డు నుంచి మార్పించాక అక్కడ రాయాలి. మీ ఇంట్లో కూడా పెళ్లి, పురుడు, రైస్ కార్డు విడదీయడం, ఉద్యోగం మారడం, వీటిలో ఏది జరిగినా రెండో మెట్టు నుంచి మళ్లీ ఒకసారి చూసుకుని, కాగితం మీద కొత్త తేదీ వేయండి.